ఐర్లాండ్ మంత్రివర్గం: 15 కుర్చీలు, మూడు పార్టీలు, వంతులవారీ ప్రధాని

బందరు_లడ్డు

కర్ణాటకలో 2006లో కుమారస్వామి, బీజేపీ చెరో ఇరవై నెలలు అనుకున్నారు. 2007 అక్టోబరులో కుర్చీ దిగాల్సొచ్చేసరికి ఒప్పందం గాలికి పోయింది. యూపీలో 1997 నాటి ఆరేసి నెలల ముచ్చటా అంతే, మాయావతి దిగిన నెలకే పొత్తు విడిపోయింది. ఐర్లాండ్‌లో మాత్రం అంతర్యుద్ధం నాటి నుంచి ఎదురుబొదురు నిలబడ్డ రెండు పార్టీలు 2020లో కలిసి, ముందే రాసుకున్న నెలలోనే ప్రధాని పదవి మార్చుకున్నాయి. ఎలా కుదిరింది? పైగా మూడు పార్టీలుంటే మంత్రులు 15 మందేనా? శాఖలు ఏ లెక్కన పంచారు? డబ్లిన్ రాజకీయం తెలిసినవాళ్లు విడమర్చి చెప్పండి.

లిఫీ_ఒడ్డు

ముందు పేర్లు సరిచేసుకుందాం, లేకపోతే గూగుల్‌లో వెతికేవాళ్లు తికమకపడతారు. అవన్నీ ఐరిష్ మాటలు, రాసిన స్పెల్లింగుకీ పలికే తీరుకీ పొంతన ఉండదు. ప్రధాని టీషక్. ఉప ప్రధాని టానిష్టె. దిగువ సభ డాల్, ఎగువ సభ షానద్. స్పీకర్ క్యాన్ కోర్లె. పార్టీలు ఫియనా ఫాల్, ఫినా గేల్, షిన్ ఫేన్, గ్రీన్స్, లేబర్.

15 సంగతికొస్తే, అది ఎవరో పెట్టుకున్న ఆనవాయితీ కాదు. 1937 రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఉంది: ప్రభుత్వంలో ఏడుగురికి తక్కువ కాకుండా, 15 మందికి మించకుండా సభ్యులుండాలి. ఆ లెక్కలో టీషక్ కూడా ఉంటారు. టీషక్, టానిష్టె, ఆర్థిక మంత్రి ముగ్గురూ డాల్ సభ్యులే అయ్యుండాలి. షానద్ నుంచి ఇద్దరిని తీసుకోవచ్చు గానీ 1937 తర్వాత అలా మంత్రులైనవాళ్లు ఇద్దరే: 1957లో షాన్ మోయిలన్, 1981లో జేమ్స్ డూజ్.

మన 91వ సవరణ శాతంతో లెక్క కడుతుంది. సభలో 15 శాతం కాబట్టి 119 మందున్న తెలంగాణలో 18, 175 మందున్న ఆంధ్రలో 26. ఐర్లాండ్‌ది స్థిర సంఖ్య. డాల్ 2024లో 160 నుంచి 174కి పెరిగింది, కుర్చీలు మాత్రం 15 దగ్గరే ఉండిపోయాయి. రెఫరెండం పెడితే తప్ప ఆ అంకె కదలదు. మంత్రుల సంఖ్య పెంచుతాం, ఓటేయండి అని జనం దగ్గరికి వెళ్లే ధైర్యం ఏ పార్టీకి ఉంటుంది చెప్పండి!

అంకెల_అప్పారావు

పంపకం లెక్క నేను చెప్తాను. 2020 ఫిబ్రవరి 8 ఎన్నికల్లో 160 సీట్లకు ఫియనా ఫాల్ 38, షిన్ ఫేన్ 37, ఫినా గేల్ 35, గ్రీన్స్ 12. ఫియనా ఫాల్ వాళ్లలో ఒకరు స్పీకర్. ఆయన మామూలుగా ఓటెయ్యరు, సమానమైతేనే వేస్తారు. అంటే సంకీర్ణం బలం 37 + 35 + 12 = 84, కావాల్సింది 80.

ఇప్పుడు 15 కుర్చీలను 38 : 35 : 12 చొప్పున పంచి చూడండి. ఫియనా ఫాల్‌కు 6.7, ఫినా గేల్‌కు 6.2, గ్రీన్స్‌కు 2.1 వస్తుంది. నిజంగా ఇచ్చింది 6, 6, 3. పెద్ద పార్టీ 0.7 వదులుకుంది, చిన్న పార్టీ దాదాపు ఒక కుర్చీ అదనంగా పట్టుకెళ్లింది. సంకీర్ణాల్లో చాలాచోట్ల ఇదే తంతు, గ్రీన్స్ లేకపోతే 72 దగ్గరే ఆగిపోయేవాళ్లు మరి.

ఇంకోటి, ఫియనా ఫాల్ ఆరులోనే టీషక్ కూడా ఉన్నారు. "ప్రధాని పదవి మాది, మంత్రులు వేరే" అనే లెక్క అక్కడ చెల్లదు.

ఓరుగల్లు_ముచ్చట

ఇదంతా డోంట్ పద్ధతిలో పంచుకుంటరు కదా? సీట్లను 1, 2, 3తోటి భాగించుకుంటూ పోయి, ఎవరికి పెద్ద అంకె వస్తే వాళ్లు శాఖ ఎంచుకుంటరు అని చదివిన.

లిఫీ_ఒడ్డు

అది ఉత్తర ఐర్లాండ్ గారూ, బెల్‌ఫాస్ట్ సంగతి. 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందంతో వచ్చింది. అక్కడ పార్టీలు కూర్చుని బేరమాడక్కర్లేదు, లెక్కే వరస తేలుస్తుంది. డబ్లిన్‌లో అలాంటి సూత్రం ఏదీ లేదు, మొత్తం బేరమే.

సెక్రటేరియట్_పావురం

బేరంలో అసలు పట్టు కుర్చీల సంఖ్యలో ఉండదు, ఆర్థిక శాఖలో ఉంటుంది. 2011లో ఫినా గేల్, లేబర్ కలిసినప్పుడు ఇద్దరికీ ఖజానా తాళం కావాల్సొచ్చింది. అందుకని ఆర్థిక శాఖనే రెండు ముక్కలు చేశారు. పన్నులు, బ్యాంకులు, అప్పులు ఫైనాన్స్‌లో ఉండి ఫినా గేల్ మైకేల్ నూనన్‌కు వెళ్లాయి. ఖర్చు, ఉద్యోగుల జీతాలు పబ్లిక్ ఎక్స్‌పెండిచర్ అనే కొత్త శాఖగా లేబర్ బ్రెండన్ హౌలిన్‌కు వెళ్లాయి. అయితే కొత్త శాఖ పుట్టాలంటే చట్టం కావాలి. మార్చి 9న మంత్రి అయిన హౌలిన్ జులై 6న శాఖ ఏర్పడేదాకా కాగితాల మీద "శాఖ లేని మంత్రి"గానే ఉన్నారు. ఉన్న శాఖకు పేరు మార్చడం, ఒక విభాగాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించడం మాత్రం ప్రభుత్వ ఉత్తర్వుతోనే అయిపోతుంది. అందుకే ఐర్లాండ్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా శాఖల బోర్డులు మారుతుంటాయి.

ఆ రెండు ముక్కల ఏర్పాటు 2020లో బాగా పనికొచ్చింది. టీషక్ ఏ పార్టీ అయితే ఫైనాన్స్ రెండో పార్టీకి. మీహాల్ మార్టిన్ (ఫియనా ఫాల్) టీషక్‌గా ఉన్నన్నాళ్లు పాస్కల్ డొనహూ (ఫినా గేల్) ఫైనాన్స్, మైకేల్ మెక్‌గ్రా (ఫియనా ఫాల్) ఖర్చుల శాఖ. 2022 డిసెంబరులో లియో వరాద్కర్ (ఫినా గేల్) టీషక్ అవగానే వాళ్లిద్దరూ కుర్చీలు అటూఇటూ మార్చుకున్నారు. చిక్కెక్కడొచ్చిందంటే, డొనహూ అప్పటికే యూరో దేశాల ఆర్థిక మంత్రుల బృందమైన యూరోగ్రూప్‌కు అధ్యక్షుడు. ఆ పదవి ఉంచుకున్నారు గానీ దేశంలో ఆర్థిక మంత్రి కాదు. దాంతో ఆ సమావేశాల్లో అధ్యక్షుడి కుర్చీలో ఒక ఐరిష్ మంత్రి, ఐర్లాండ్ కుర్చీలో ఇంకొకరు.

బందరు_లడ్డు

ఇది బాగుంది. సరే, మరి వంతు తప్పకుండా ఎలా నిలబడింది? మాట మీద నిలబడే సంస్కారం అనకండి, నమ్మను.

లిఫీ_ఒడ్డు

సంస్కారం కాదు లెండి, నిర్మాణం. నాకు తోచిన కారణాలు చెప్తాను.

ఒకటి, ఎదుటి పార్టీ బయట కూర్చుని వంతు కోసం ఎదురుచూడలేదు. వరాద్కర్ మొదటి రోజు నుంచీ టానిష్టెగా, ఎంటర్‌ప్రైజ్ మంత్రిగా లోపలే ఉన్నారు. మార్టిన్ దిగాక ఆయనా టానిష్టె అయ్యారు. దిగినవాడికి రెండో కుర్చీ ఖాయం కాబట్టి దిగడం అవమానం కాలేదు.

రెండు, దిగకపోతే లాభం లేదు. ఫినా గేల్ 35 మంది లేచిపోతే మార్టిన్‌కు మెజారిటీ ఉండదు. మెజారిటీ పోయిన టీషక్ రాజీనామా చెయ్యాలి, లేదా డాల్ రద్దు చెయ్యమని రాష్ట్రపతిని అడగాలి. అలాంటి టీషక్ అడిగితే కాదనే అధికారం 13వ అధికరణం రాష్ట్రపతికి ఇచ్చింది. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు, అయినా ఆ బెదురు పని చేస్తూనే ఉంటుంది. అప్పటి సర్వేల్లో షిన్ ఫేన్ ముందంజలో ఉంది, ఎన్నికలంటే ఇద్దరికీ భయమే.

మూడు, ఒప్పందం ఇద్దరు నాయకులు చెవిలో చెప్పుకున్నది కాదు. కార్యక్రమ పత్రం 2020 జూన్ 15న ఖరారైతే, మూడు పార్టీల్లోనూ ఓటింగు పెట్టి జూన్ 26న లెక్కించారు. ఫియనా ఫాల్‌లో 74 శాతం, ఫినా గేల్‌లో 80, గ్రీన్స్‌లో 76 అవునన్నాయి. గ్రీన్స్ నియమావళి ప్రకారం మూడింట రెండొంతులు రావాలి, కాబట్టి గండం వాళ్ల దగ్గరే ఉండింది. అంతమంది చేత ఓటేయించుకున్న తేదీని తప్పితే సొంత కార్యకర్తలకు ఏం చెప్పుకుంటారు?

తేదీ నిజానికి రెండు రోజులు జరిగింది. డిసెంబరు 15 అనుకున్నది 17 అయ్యింది, 15న బ్రసెల్స్‌లో యూరోపియన్ కౌన్సిల్ ఉందని.

ఓరుగల్లు_ముచ్చట

140 రోజులు పట్టింది కదా ఆ ప్రభుత్వానికి. ఫిబ్రవరి 8 నుంచి జూన్ 27. అంతదాకా లాగినోళ్లు జూన్ 27నే ఎందుకు ముగించిన్రు?

సెక్రటేరియట్_పావురం

మంచి ప్రశ్న. షానద్‌లో 60 మంది. అందులో 11 మందిని టీషక్ నామినేట్ చేస్తారు. (మన రాజ్యసభకు రాష్ట్రపతి నామినేట్ చేసే 12 మంది పద్ధతి అక్కడి నుంచి వచ్చిందే.) నామినేట్ చెయ్యాల్సింది డాల్ కొత్తగా ఎన్నుకున్న టీషక్. ఆపద్ధర్మ టీషక్‌గా ఉన్న వరాద్కర్‌కు ఆ హక్కు లేదు. కొత్త టీషక్ లేడు, కాబట్టి 11 మంది లేరు, కాబట్టి షానద్ నిండలేదు, కాబట్టి చట్టాలు చెయ్యడానికి దారి లేదు. ఆ సమయంలోనే తీవ్రవాద వ్యతిరేక చట్టంలోని సెక్షన్లు, జ్యూరీ లేని ప్రత్యేక కోర్టుకు సంబంధించినవి, జూన్ నెలాఖరుకు గడువు తీరిపోతున్నాయి. వాటిని పొడిగించాలంటే రెండు సభలూ తీర్మానించాలి. గడియారం అలా నెట్టింది వాళ్లను.

ఆ రోజు క్రమం ఇదీ. కోవిడ్ దూరం కోసం డాల్‌ను డబ్లిన్ కన్వెన్షన్ సెంటర్‌లో కూర్చోబెట్టారు. మార్టిన్‌కు 93 ఓట్లు, వ్యతిరేకం 63. అక్కడి నుంచి ఫీనిక్స్ పార్కులోని రాష్ట్రపతి భవనానికి వెళ్లి నియామక పత్రం తీసుకుని, తిరిగి సభకొచ్చి మిగతా 14 పేర్లు చదివారు. సభ ఆ జాబితాను విడివిడిగా కాక మొత్తంగా ఒకే ఓటుతో ఆమోదిస్తుంది. తర్వాత అందరూ రాష్ట్రపతి దగ్గర శాఖల ముద్రలు అందుకుంటారు. మన దగ్గరలాగా "అనే నేను" అంటూ ప్రమాణస్వీకారం ఉండదు, ముద్ర చేతికొస్తే మంత్రి.

అంకెల_అప్పారావు

15 కుర్చీల పరిమితిని ఎలా దాటతారో ఎవరూ చెప్పలేదేం? సూపర్ జూనియర్లు!

1994లో ఫినా గేల్, లేబర్ కలిసి రెయిన్‌బో సంకీర్ణం కట్టేటప్పుడు డెమొక్రటిక్ లెఫ్ట్ అనే చిన్న పార్టీకి ఇంకో మనిషిని కేబినెట్ గదిలో కూర్చోబెట్టాల్సొచ్చింది, కుర్చీలేమో అయిపోయాయి. పాట్ రాబిట్‌ను సహాయ మంత్రిగా వేసి, "కేబినెట్‌కు హాజరయ్యే సహాయ మంత్రి" అన్నారు. మాట్లాడొచ్చు, ప్రభుత్వ సభ్యుడు మాత్రం కాదు. అప్పట్నుంచీ ఆ పద్ధతి స్థిరపడిపోయింది. 2020లో ముగ్గురయ్యారు. అప్పటి చట్టం ఇద్దరికే అదనపు భత్యం ఇవ్వనిచ్చేది, మూడో వ్యక్తికీ ఇవ్వాలని చట్టం సవరించారు, జనం మండిపడ్డారు. ఏడాదికి 16,000 యూరోలకు పైబడిన మొత్తం అది.

2025లో సూపర్ జూనియర్లు నలుగురు. మొత్తం సహాయ మంత్రులు 20 నుంచి 23. రాజ్యాంగం 15 అంటే గదిలో కూర్చునేవాళ్లు 19 మంది, అటార్నీ జనరల్ అదనం. ప్రభుత్వం సమష్టిగా, రహస్యంగా నడవాలన్న నిబంధనకు ఇది విరుద్ధమని ప్రతిపక్ష సభ్యులు హైకోర్టుకెక్కారు. నా మటుకు నాకు వాళ్ల వాదనలో పస ఉందనిపిస్తుంది. పరిమితి పెట్టింది దేనికి, పక్క గుమ్మంలోంచి రానివ్వడానికా?

లిఫీ_ఒడ్డు

అప్పారావు గారితో సగం ఏకీభవిస్తాను. ఆ 15 ఎంత బిగుతుగా పట్టేస్తుందో ఇంకో ఉదాహరణ. 2021లో న్యాయ మంత్రి హెలెన్ మెకెంటీ పదవిలో ఉండగానే ప్రసవించిన మొదటి కేబినెట్ మంత్రి అయ్యారు. మంత్రికి ప్రసూతి సెలవు అనే మాటే అప్పటి చట్టంలో లేదు. ఆమెను ఉంచి బదులు మనిషిని తేవాలంటే 16 అవుతుంది. అందుకని ఆమెను ఆరు నెలలు శాఖ లేని మంత్రిని చేసి, న్యాయ శాఖను హెదర్ హంఫ్రీస్‌కు అప్పటికే ఉన్న రెండు శాఖల మీద మూడోదిగా వేశారు.

గోలకొండ_గేటు

పైపరిమితి సరే, ఏడుగురి కిందిపరిమితి ఎప్పుడైనా తగిలిందా?

లిఫీ_ఒడ్డు

తగిలింది, 2011 జనవరిలో. లెక్క చూడండి, తమాషాగా ఉంటుంది. బ్రయన్ కౌవెన్ ప్రభుత్వం, ఫియనా ఫాల్ గ్రీన్స్‌తో. ఐఎంఎఫ్ అప్పు తెచ్చుకుని పరువు పోయిన సమయం. నాయకత్వం మీద సవాలు విసిరి ఓడిన మీహాల్ మార్టిన్ విదేశాంగ మంత్రిగా తప్పుకున్నారు, 15 కాస్తా 14. మళ్లీ పోటీ చెయ్యని మంత్రులు ఐదుగురి చేత రెండు రోజుల్లో రాజీనామా చేయించి, ఎన్నికల ముందు కొత్త ముఖాలను పెడదామని కౌవెన్ ఎత్తు వేశారు. 14 లోంచి 9. కొత్త పేర్లకు డాల్ ఆమోదం కావాలి కదా, గ్రీన్స్ ఓటెయ్యం పొమ్మన్నారు. ఖాళీ అయిన శాఖలన్నీ ఉన్నవాళ్లకే రెండేసి చొప్పున తగిలించాల్సొచ్చింది. మూడు రోజులకు, 23న, గ్రీన్స్ ఇద్దరూ బయటికి నడిచారు. మిగిలింది సరిగ్గా ఏడుగురు. ఇంకొక్కరు తప్పుకున్నా ప్రభుత్వం రాజ్యాంగబద్ధంగా ఉండేది కాదు. ఫిబ్రవరి 25న ఎన్నికలు.

అక్కడ పాఠం ఏమిటంటే, మంత్రిని పీకడం టీషక్ చేతిలో ఉంది, కొత్త మంత్రిని పెట్టడం సభ చేతిలో ఉంది. పీకే ముందు రెండో ఓటు లెక్కపెట్టుకోవాలి.

సెక్రటేరియట్_పావురం

మామూలుగా నడిచే రోజుల గురించి కూడా రెండు మాటలు. కేబినెట్ మంగళవారం మెరియన్ వీధిలోని ప్రభుత్వ భవనంలో కూర్చుంటుంది. అంతకుముందు, సాధారణంగా సోమవారం సాయంత్రం, పార్టీ నాయకులు కలుస్తారు. తగువులన్నీ అక్కడే తేలాలి, తేలకపోతే ఆ అంశం మంగళవారం జాబితాలోంచి జారిపోతుంది. శాఖ ఒక మెమోరాండం రాస్తే దాన్ని ముందుగా సంబంధమున్న ఇతర శాఖలకు పంపాలి, ఫైనాన్స్, ఖర్చుల శాఖ ఏమన్నాయో ఆ మెమోలోనే జతపరచాలి. అభ్యంతరం రాసిన కాగితం మెమోతోపాటే లోపలికి వెళ్తుంది, కాబట్టి మిత్రపక్షం మంత్రికి "మాకు తెలీదు" అనే వీలుండదు. ఓటింగు ఉండదు. నిర్ణయాలే నమోదవుతాయి, చర్చ నమోదు కాదు. చర్చల గోప్యతను 1997లో రెఫరెండంతో రాజ్యాంగంలోకి ఎక్కించారు. హైకోర్టు మాత్రమే, అదీ కోర్టు విచారణకో ట్రైబ్యునల్‌కో అవసరమైతే, దాన్ని సడలించగలదు.

కూర్చోకుండా ఫోన్ల మీద తేల్చే పద్ధతీ ఉంది, "ఇన్‌కార్పోరియల్" సమావేశం అంటారు. 2008 సెప్టెంబరు 29 రాత్రి తెల్లారేలోపు బ్యాంకులకు ప్రభుత్వ పూచీ ఇచ్చింది అలాగే. మంత్రులను నిద్రలేపి అవుననిపించుకున్నారు. మిత్రపక్షానికి కాగితం చదివే వ్యవధి లేకుండా నిర్ణయం జరిగితే ఏమవుతుందో ఆ తర్వాతి రెండేళ్లూ చూపించాయి.

గోలకొండ_గేటు

ఓటింగు లేకపోతే మిత్రపక్షం ఒప్పుకోనప్పుడు ఏం చేస్తారు?

సెక్రటేరియట్_పావురం

ఆపుతారు. ఆపకపోతే 1994 నవంబరు 11 అవుతుంది. అప్పుడు ఫియనా ఫాల్, లేబర్ సంకీర్ణం. టీషక్ ఆల్బర్ట్ రేనల్డ్స్ (ఫియనా ఫాల్) అటార్నీ జనరల్ హ్యారీ వీలహన్‌ను హైకోర్టు అధ్యక్షుడిగా వెయ్యాలని పట్టుబట్టారు. లేబర్ మంత్రులు లేచి బయటికెళ్లారు, మిగిలిన ఫియనా ఫాల్ మంత్రులు నియామకం ఖాయం చేశారు. చట్టప్రకారం చెల్లింది. వారం తిరక్కుండా రేనల్డ్స్ రాజీనామా. డిసెంబరు 15న అదే డాల్‌లో, ఎన్నికల్లేకుండా, లేబర్ అటువైపు చేరి ఫినా గేల్ నాయకుడు జాన్ బ్రూటన్‌ను టీషక్‌ని చేసింది.

ఓరుగల్లు_ముచ్చట

పార్టీ ఫిరాయింపుల చట్టం లేదా వాళ్లకు? సభ్యుడు విప్‌ను కాదంటే?

అంకెల_అప్పారావు

లేదు. విప్ ధిక్కరిస్తే పార్టీ పక్షం నుంచి సస్పెండ్ చేస్తారు, సీటు పోదు. 2022 మేలో ప్రసూతి ఆసుపత్రి తీర్మానం మీద గ్రీన్స్ సభ్యులు నీసా హూరిగన్, ప్యాట్రిక్ కాస్టెలో ఎదురు ఓటేస్తే ఆరు నెలలు వెలి. జులైలో ఫినా గేల్‌లో జో మెక్‌హ్యూ కూడా పోయేసరికి కాగితం మీద మెజారిటీ లేదు. షిన్ ఫేన్ అవిశ్వాసం పెట్టింది, ప్రభుత్వం ఎదురుగా విశ్వాస తీర్మానం పెట్టి 85-66తో గట్టెక్కింది. స్వతంత్రులు, సస్పెండైనవాళ్లలో కొందరు ఓటేశారు. వెలివేసినా తలుపు మూసెయ్యకపోవడం అక్కడ పనికొచ్చే లౌక్యం. మన పద్ధతిలోనైతే ఆ ఓట్లు ఉండేవే కావు.

బందరు_లడ్డు

ఇప్పటి ప్రభుత్వం సంగతి ఒక్కమాట. గ్రీన్స్ ఏమయ్యారు?

అంకెల_అప్పారావు

12 నుంచి ఒక్కటికి పడిపోయారు. ఒక్కమాటలో అదీ. 2024 నవంబరు 29 ఫలితాలు: ఫియనా ఫాల్ 48, షిన్ ఫేన్ 39, ఫినా గేల్ 38, మొత్తం 174. పెద్దవి రెండూ కలిస్తే 86. స్పీకర్‌గా స్వతంత్ర సభ్యురాలు వెరోనా మర్ఫీని ఎన్నుకున్నారు, సొంత ఓటు ఖర్చు కాలేదు. ఓటేసేవాళ్లు 173, కావాల్సింది 87, తక్కువ ఒక్కటే. ఆ ఒక్కటి కోసం స్వతంత్రులతో ఒప్పందం చేసుకుని 95 ఓట్లతో 2025 జనవరి 23న మార్టిన్ మళ్లీ టీషక్. మొదటి కూర్పులో 15 కుర్చీలూ పెద్ద పార్టీలవే, 8 + 7. స్వతంత్రులకు ఇచ్చింది షాన్ కానీ, నోయెల్ గ్రీలిష్ అనే ఇద్దరు సూపర్ జూనియర్లు. అంతకుముందు రోజే సభ ఆగిపోయింది. ప్రభుత్వానికి మద్దతిస్తూ ప్రతిపక్ష సభ్యులకిచ్చే ప్రశ్నల సమయం కూడా తమకు కావాలని కొందరు స్వతంత్రులు అడిగారు, గొడవై టీషక్ ఎన్నిక మర్నాటికి పడింది.

గోలకొండ_గేటు

అయితే 2027 నవంబరులో మళ్లీ వంతు మారాలి కదా. ఆ రోజు మారేది టీషక్ ఒక్కరేనా?

లిఫీ_ఒడ్డు

కాదు. టీషక్ రాజీనామా చేస్తే మొత్తం ప్రభుత్వం రాజీనామా చేసినట్టే లెక్క, 28వ అధికరణం. కొత్తవాళ్లు వచ్చేదాకా పాతవాళ్లు పని చూస్తుంటారు. అంటే డాల్ మళ్లీ టీషక్‌ను ఎన్నుకోవాలి, 14 పేర్లు మళ్లీ చదవాలి, మళ్లీ ఓటు, మళ్లీ ముద్రలు, శాఖ మారనివాళ్లకు కూడా. 2024 ఏప్రిల్ 9న వరాద్కర్ స్థానంలో సైమన్ హారిస్ వచ్చినప్పుడూ ఇదే తతంగం నడిచింది. సహాయ మంత్రులను కొత్త ప్రభుత్వం మళ్లీ నియమించాలి, సూపర్ జూనియర్లు సహా. స్వతంత్రులు బేరం తిరగతోడాలనుకుంటే వాళ్లకు దొరికే రోజు అదే.